గీతం శ్రావయామి: పాట స్పీకర్ పాడాలా, మనం పాడాలా?

 

వినాయక చవితి కానివ్వండి, వరలక్ష్మీ వ్రతం కానివ్వండి, సత్యనారాయణ వ్రతం కానివ్వండి, పూజ చివర్లో ఒక చోట అందరం కాస్త స్పీడు పెంచుతాం. నైవేద్యం అయింది, తాంబూలం అయింది, హారతి, మంత్రపుష్పం అయ్యాయి, ప్రదక్షిణ కూడా అయింది. అప్పటికి ఆకలి వేస్తుంటుంది, పులిహోర వాసన వస్తుంటుంది. పంతులుగారు వరసగా చెప్పేస్తుంటారు: ఛత్రం ధారయామి, చామరం వీజయామి, గీతం శ్రావయామి, నృత్యం దర్శయామి, వాద్యం ఘోషయామి. ఒక్కోదానికి నాలుగు అక్షింతలు వేస్తాం. అర నిమిషంలో అయిపోతుంది.

ఇవి రాజోపచారాలు. దేవుణ్ణి ఇంటికొచ్చిన మహారాజుగా భావించి చేసే మర్యాదలన్నమాట. గొడుగు పట్టడం, వింజామర వీయడం, పాట వినిపించడం, నాట్యం చూపించడం, వాద్యం మోగించడం. ఇవన్నీ మన దగ్గర ఉండవు కాబట్టి, లేనిదానికి బదులుగా అక్షతలు సమర్పించమని పెద్దలు వెసులుబాటు ఇచ్చారు. చాలా మంచి ఏర్పాటు అది. టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో తెల్లగొడుగు ఎక్కణ్ణుంచి తెస్తాం? చామరం ఎక్కణ్ణుంచి తెస్తాం? నాట్యం అందరికీ రాదు. మృదంగం అందరి ఇళ్ళలో ఉండదు.

కానీ ఆ వరసలో ఒక్కటి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. గొంతు. గొడుగు లేక అక్షతలు వేశామంటే అర్థం ఉంది. గొంతు పెట్టుకుని, పాటకు బదులు అక్షతలు ఎందుకు వేస్తున్నాం?

ఇంకో సంగతి చూడండి. శ్రావయామి అంటే "వినిపిస్తున్నాను" అని. వింటున్నాను అని కాదు, ఎవరో పాడుతున్నారు అని కూడా కాదు. పూజ చేసేవాడు తన నోటితో "నేను నీకు పాట వినిపిస్తున్నాను స్వామీ" అంటున్నాడు. వినేది దేవుడు, పాడేది మనం. మనం చేస్తున్నదేమో పూజగది పక్కన బ్లూటూత్ స్పీకర్ పెట్టి, ప్లేలిస్ట్ ఆన్ చేసి, మనమూ వింటూ కూర్చోవడం. పాడాల్సిన వాళ్ళం వెళ్ళి వినేవాళ్ళ వరసలో కూర్చున్నాం. సరిగ్గా హారతి వెలిగించే టైంకి మధ్యలో యాడ్ వస్తే ఎవరో పరిగెత్తుకెళ్ళి ఫోన్ మీద స్కిప్ నొక్కడం కూడా చాలామందికి అనుభవమే.

రికార్డింగులు చెడ్డవని నేను అనడం లేదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం వినకుండా పెరిగిన తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారు? ఈ ఛానెల్ నడిచేదే రికార్డింగుల మీద. అడుగుతున్నది ఒక్కటే. పూజలో పాటకు ఇచ్చిన చోటు ఏది, ఆ చోట్లో ఎవరు ఉండాలి?

శాస్త్రం వైపు నుంచి చూస్తే జవాబు సూటిగానే ఉంది. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రికి తొమ్మిది రకాల భక్తిని చెప్తాడు. మొదటిది శ్రవణం, రెండోది కీర్తనం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి గానీ రెండూ వేరు. వింటే కీర్తనం కూడా అయిపోతుందంటే తొమ్మిదిని ఎనిమిది చేసుకున్నట్టే. అదే భాగవతం పన్నెండో స్కంధంలో, కృతయుగంలో ధ్యానం వల్ల, త్రేతాయుగంలో యజ్ఞం వల్ల, ద్వాపరంలో అర్చన వల్ల దొరికింది కలియుగంలో హరికీర్తన వల్ల దొరుకుతుందని చెప్పారు. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు మహాత్ముల లక్షణం చెబుతూ, వాళ్ళు ఎప్పుడూ నన్ను కీర్తిస్తూ ఉంటారని అంటాడు. పదో అధ్యాయంలో వేదాల్లో నేను సామవేదాన్ని అంటాడు. సామవేదమంటే గానం చేసే వేదం. ఇన్ని చోట్ల చెప్పిన విషయం మన పూజలో నాలుగు అక్షింతల దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు మా ఊరి వైపు రండి. తిరువూరు. ఇదివరకు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. తిరువూరు దాటి కాసేపటికే తెలంగాణ వస్తుంది. అదే రోడ్డు పట్టుకుని ముందుకెళ్తే కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం. పాల్వంచ బోర్డు కనబడినప్పుడల్లా చాలామందికి థర్మల్ స్టేషన్ గుర్తొస్తుంది. నాకు తహసీల్దారు గుర్తొస్తాడు.

కంచెర్ల గోపన్న. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టి, గోల్కొండ నవాబు తానీషా పాలనలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము వాడాడని గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్ళు ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు కోటకు వెళ్ళే ఉంటారు, రామదాసు బందీఖానా చూసే ఉంటారు. చాలామంది అక్కడ సెల్ఫీ తీసుకుని పైకి ఎక్కేస్తారు. వీలైతే ఈసారి అక్కడ రెండు నిమిషాలు ఆగి ఒక లెక్క వేయండి. ఆ గదిలో పూజకు ఏమేం ఉన్నాయి? పువ్వుల్లేవు. గంధం లేదు. ధూపం, దీపం, నైవేద్యం ఏవీ తనవి కావు. తను కట్టించిన గుడి ఎక్కడో గోదావరి ఒడ్డున ఉంది. పదహారు ఉపచారాల్లో ఆయన చేతిలో ఏదీ లేదు. మిగిలింది గొంతు ఒక్కటే. ఆ ఒక్కదానితోనే పూజ మొత్తం చేశాడు.

పాట పూజకు పైపూత అనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఈ గది గురించే. మిగతావన్నీ తీసేసినా పూజ ఆగలేదు, పాట ఉంది కాబట్టి. పైగా ఆ పాటల్లో ఏముందో చూడండి. వట్టి పొగడ్తలు కాదు. నీకు ఈ నగ చేయించాను, ఆ నగ చేయించాను, ఇంత ఖర్చయింది, ఎవడబ్బ సొమ్మని వేసుకుని తిరుగుతున్నావని రాముణ్ణే నిలదీశాడు. మళ్ళీ తనే, ఆ దెబ్బలకు తాళలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని బతిమాలుకున్నాడు. ఆయన వినకపోతే సీతమ్మను పట్టుకుని, అమ్మా నువ్వైనా నా మాట చెప్పు అని వేడుకున్నాడు. మనం నోరు తెరిచి పాడితే ఇవన్నీ పట్టే చోటు అది. మనకు బాధగా ఉన్న రోజున కూడా స్పీకర్ అదే పాట, అదే గొంతుతో, అదే మూడ్‌లో పాడుతుంది.

ఈ రామదాసు కీర్తనలు మన దాకా ఎలా వచ్చాయి? యూట్యూబ్ లేదు, క్యాసెట్ లేదు. భజన మందిరాల వల్ల వచ్చాయి. 19వ శతాబ్దం మొదట్లో తూము నరసింహదాసుగారు భద్రాచలం చేరి, అక్కడ సేవలు మళ్ళీ క్రమంలో పెట్టించారు. ఆయన వాగ్గేయకారుడు కూడా, తిరువయ్యారు వెళ్ళి త్యాగరాజస్వామిని కలిసినవారు. అలాంటి భాగవతుల చేతుల మీదుగా భజన సంప్రదాయం ఊరూరా పాకింది. మా వైపు ప్రతి ఊళ్ళో రామాలయం ఉంటుంది. చాలా రామాలయాల్లో ఒక హార్మోనియం, ఒక డోలక్, ఒక సంచీ నిండా తాళాలు ఉంటాయి. లేదా ఉండేవి.

భజన ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ముందు ఒకాయన ఒక పంక్తి పాడతాడు. మిగతా అందరూ అదే పంక్తిని తిరిగి అందుకుంటారు. ఆయన రెండోసారి కొద్దిగా మార్చి పాడతాడు, వీళ్ళు మళ్ళీ అందుకుంటారు. కాసేపయ్యాక లయ పెరుగుతుంది, తాళాలు ఉధృతమవుతాయి, మళ్ళీ నెమ్మదిస్తుంది. ఇందులో ఉన్న తెలివి గమనించారా? చదువు రానివాడూ పాడొచ్చు. పుస్తకం అక్కర్లేదు. పాట తెలియనివాడికి రెండో రౌండ్‌కల్లా వచ్చేస్తుంది. గొంతు బాగాలేనివాడు ఇరవై గొంతుల మధ్య కలిసిపోతాడు. కొత్తగా వచ్చినవాణ్ణి బయట నిలబెట్టకుండా లోపలికి లాక్కునేలా తయారుచేసిన పద్ధతి ఇది. ఆఫీసులో కొత్త జాయినీకి ఆన్‌బోర్డింగ్ అని నెల రోజులు డాక్యుమెంట్లు చదివిస్తాం. భజనలో రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు చాలా చోట్ల పరిస్థితి ఏమిటంటే, ధనుర్మాసంలో తెల్లవారుజామున రామాలయం మైకు మోగుతుంది. దగ్గరకు వెళ్ళి చూస్తే లోపల పూజారిగారు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక పెన్‌డ్రైవ్. పాడగలిగిన వయసువాళ్ళందరూ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. అంటే మనమే. తాళాలు సంచీలోనే ఉన్నాయి. ఇంకో పదిహేనేళ్ళకు ఆ ఇద్దరూ లేకపోతే, ఏ కీర్తన తర్వాత ఏది ఎత్తుకోవాలో, ఎక్కడ లయ మార్చాలో తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఉండరు. పాట పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, పాడటం పోతుంది.

ఇక్కడే ఇంకో విషయం. తిరువూరు లాంటి ఊళ్ళో గుడీ ఉంటుంది, చర్చీ ఉంటుంది, మసీదూ ఉంటుంది. ఆదివారం పొద్దున చర్చి వీధిలో నడిచి వెళ్తే ఒకటి గమనించొచ్చు. లోపల అందరూ పాడుతుంటారు. ముసలమ్మ పాడుతుంది, పదేళ్ళ పిల్లవాడు పాడతాడు. చేతిలో పాటల పుస్తకం ఉంటుంది. తెలుగు క్రైస్తవుల దగ్గర తరతరాలుగా ఉన్న పుస్తకం పేరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. పల్లవి, చరణాలు ఉంటాయి. మనకు తెలిసిన కీర్తన రూపమే. ఈ ఒరవడి పెట్టినవాళ్ళలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవంలోకి వెళ్ళినాయన. ఇంగ్లీషు ట్యూన్లకు తెలుగు మాటలు అతికించే బదులు, తను పుట్టి పెరిగిన నేల పాటనే తీసుకున్నాడు. తర్వాత 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య కూడా దేశీ సంగీతాన్నే ప్రోత్సహించారు.

ఈ మాట వినగానే మనవాళ్ళలో కొందరికి కోపం వస్తుంది, మన సంగీతాన్ని తీసుకున్నారని. నాకు అలా అనిపించదు. కీర్తన బతకాలంటే జనం పాడాలని వాళ్ళకు అర్థమైంది. దాన్ని మన పద్ధతి నుంచే నేర్చుకున్నారు. మనం మర్చిపోతున్నది కూడా సరిగ్గా దాన్నే. ఆ పుస్తకం వైపు వేలు చూపించేముందు, మన ఇంట్లో మంగళహారతుల నోటుబుక్కు ఎక్కడుందో వెతుక్కుంటే మంచిది.

అసలు ఆరాధనలో పాట ఎంతవరకు అన్న పేచీ వాళ్ళకూ పాతదే. నాలుగో శతాబ్దం చివర్లో ఆగస్టీన్ అనే ఆయన తన ఆత్మకథలో, పాటలోని అర్థం కన్నా స్వరమే తనను ఎక్కువ కదిలిస్తే అది తప్పేమోనని మథనపడ్డాడు. 1520ల్లో యూరప్‌లో చర్చి చీలినప్పుడు, జర్మనీలో లూథర్ జనమంతా తమ భాషలో పాడాలన్నాడు. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో చర్చి ఆర్గన్లను మూయించేశారు. పాట దేవుడి వైపు తీసుకెళ్తుందా, పాట దగ్గరే ఆపేస్తుందా అన్నదే వాళ్ళ గొడవ.

ఈ ప్రశ్న మనకూ ఉంది. మన దగ్గర దీనికి జవాబు చెప్పినవాడు సంగీతం రానివాడు కాదు, సంగీతానికే చక్రవర్తి అనదగ్గ త్యాగరాజస్వామి. భక్తి లేని సంగీతజ్ఞానం సన్మార్గం కాదని ధన్యాసి రాగంలో ఒక కృతి మొత్తం దీనిమీదే చేశారు. ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువ మంది మాట్లాడతారు. పెద్ద విద్వాంసులు కచేరీల్లో పాడే పంచరత్నాలు చేసిన మనిషే, దివ్యనామ సంకీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా చేశారు. వీటిలో చాలావరకు సులువైన వరసలు, చరణాలన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. ఎందుకంటే ఇవి గుంపుగా పాడుకోవడానికి. ఉత్సవ సంప్రదాయ కీర్తనలైతే నేరుగా పూజలో పెట్టుకోవడానికే. స్వామిని మేల్కొల్పడానికి ఒకటి, ఆరగింపుకు ఒకటి, ఉయ్యాలకు ఒకటి, హారతికి, పవళింపుకు వేరే. అంటే పూజలో పాట ఎక్కడ ఉండాలో ఆయన చోటు చూపించి మరీ ఇచ్చారు. ఎంత కష్టమైన సంగతులైనా వేయగలిగినవాడు, ఇంట్లో అమ్మ కూడా పాడుకోగలిగేలా సులువుగా చేశారంటే, అది తెలిసి చేసిన పని.

ఇందులో ఇంకో సూచన కూడా ఉంది. ప్రతి ఉపచారానికీ దాని పాట ఉందంటే, అన్ని చోట్లా పాట ఉండాలని కాదు. అర్చనలో నామాలు చదువుతున్నప్పుడు, మంత్రం నడుస్తున్నప్పుడు, వెనకాల సౌండ్ బాక్సులో పాట నడవడం నాకు నచ్చదు. ఏదీ సరిగ్గా వినపడదు. పక్క వీధి మైకు కన్నా మన మైకు గట్టిగా ఉండాలన్న పోటీ అయితే ఇంకా ఘోరం, అందులో దేవుడి పాత్ర ఏమీ లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదని చట్టం కూడా ఉంది. గొంతుతో పాడుకునే భజనకు మైకు అవసరం ఎప్పుడూ పెద్దగా లేదు.

తిరుమల సంగతి కూడా చెప్పుకోవాలి. రికార్డింగులకు, సౌండ్ సిస్టమ్‌లకు అక్కడ ఏం తక్కువ? అయినా రాత్రి ఏకాంత సేవలో స్వామికి లాలి పాడేది తాళ్ళపాక వంశీకులు, మనుషులే, ఎదురుగా నిలబడి. అన్నమయ్య 1503లో వెళ్ళిపోయారు. ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కి భద్రపరిచారు. వేల కీర్తనలు ఆ రేకుల వల్లే మనకు దక్కాయి. ఆ కాలానికి అంతకన్నా గట్టి స్టోరేజ్ ఉండదు. అయినా రేకులు ఉన్నాయి కదా అని పాడటం మానలేదు. భద్రపరచడం వేరు, సేవ వేరు అని వాళ్ళకు తెలుసు. అదే సేవలో తరిగొండ వెంగమాంబ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. రోజూ ఆ గుడి తలుపులు మూసుకునేముందు స్వామి వినేది మనిషి గొంతే.

"నాకు గొంతు బాగోదండీ" అని ఎంతోమంది అంటారు. దీనికి నా దగ్గర పెద్ద జవాబేం లేదు, చిన్న ప్రశ్న ఉంది. పత్రమో పుష్పమో ఫలమో తోయమో భక్తితో ఇస్తే తీసుకుంటానని గీతలో మాట ఇచ్చినవాడు, ఆకు మీద మచ్చ ఉందని వెనక్కి పంపిస్తాడా? గొంతు బాగుండాలన్న షరతు టీవీ షోలకు ఉంటుంది. అక్కడ ఎదురుగా జడ్జిలు ఉంటారు.

ఒంటరిగా సిగ్గేస్తే ఒంటరిగా పాడకండి. ఆండాళ్ తల్లి కూడా ఒంటరిగా వెళ్ళలేదు. తిరుప్పావైలో 30 పాశురాలుంటే, 6 నుంచి 15 దాకా పది పాశురాలు స్నేహితురాళ్ళ ఇంటింటికీ వెళ్ళి, ఇంకా పడుకున్నావా లేవవే అని పిలవడమే. మూడో వంతు పాట, తోడు పిలుచుకోవడానికే సరిపోయింది. స్వామి ఇల్లు కనిపిస్తున్నా, అందరూ వస్తే గానీ లోపలికి వెళ్ళలేదు వాళ్ళు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు వినిపించేది ఈ తిరుప్పావైనే.

కాబట్టి ఇంట్లో చేయగలిగింది చెప్తాను, పెద్ద ప్లానేం కాదు. ఒక్క మంగళహారతి నేర్చుకోండి. రికార్డింగులో నేర్చుకున్నా పరవాలేదు, మూడు రోజులు ఇయర్‌ఫోన్స్‌లో వినండి, బస్సులో, మెట్రోలో, ఎక్కడైనా. నాలుగో రోజు ఫోన్ పక్కన పెట్టి, కర్పూరం వెలిగించి మీరే పాడండి. పల్లవి ఒక్కటే వస్తే పల్లవి ఒక్కటే పాడండి. ఫ్లాట్‌లో నలుగురు ఫ్రెండ్స్ ఉంటే, శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు, ఒకరు ఎత్తుకుంటే ముగ్గురు అందుకోవచ్చు. తాళాలు లేకపోతే చప్పట్లు చాలు.

పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంకో పని ఉంది. అమ్మమ్మకో నానమ్మకో వచ్చిన హారతి పాటలు రాసుకోండి. రికార్డ్ కూడా చేసుకోండి, కానీ అక్కడే ఆగకుండా ఆవిడ పక్కన కూర్చుని ఒక్కటైనా ఆవిడ వరసలో పాడి వినిపించండి. తప్పు పాడితే ఆవిడే దిద్దుతుంది. ఆ దిద్దుబాటు ఏ వీడియోలోనూ దొరకదు. మీ ఊరి రామాలయంలో శనివారం భజన ఇంకా జరుగుతుంటే, వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. మిమ్మల్ని చూసి ఆ ఇద్దరు పెద్దవాళ్ళు తాళాల సంచీ మీ వైపు జరుపుతారు. ఒక జత తీసుకోండి.

వచ్చే వీడియోలో త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోంచి ఒక హారతి పాట తీసుకుని, ఒక్కో పంక్తి రెండేసి సార్లు నెమ్మదిగా పాడతాం. మేము పాడిన ప్రతి పంక్తి తర్వాత కొంచెం ఖాళీ వదులుతున్నాం. వీడియో ఆగిపోయిందేమో అనుకోకండి, ఆ ఖాళీ మీరు పాడటానికి.